నాలుగో నియమం

ఎనభై నాలుగు ఎండాకాలంలో నేను మా అన్న ఇంట్లో ఒక చెంబు నీళ్ళు తాగాను. అంతకు ముందు ఎనిమిదేళ్ళు ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. ఇది రాస్తానంటే నా భార్య ఆంజినమ్మ నవ్వింది. "నీళ్ళు తాగినోళ్ళంతా రాయబట్టితే కాగితాలు యాడ చాల్తాయి?" అంది. నాలుగో తరగతిలో బడి మానేసి మగ్గం గుంతలోకి దిగినవాణ్ణి, రాత నాకు అలవాటు లేదు. కానీ ఆ ఎండాకాలం సంగతి సభల్లో చెప్పేవాళ్ళు ఇప్పుడు చాలామంది తయారయ్యారు. మొదటి రోజు నుంచీ అందరూ కలిసి నవ్వుకుంటూ చేసినట్టు చెబుతారు. జరిగింది అది కాదు.

మా ఊరు మల్లేనిపల్లె. ధర్మవరం పక్కన పట్టుచీరలు నేసే ఊరు. నాకు టీబీ అని తెలిసిన వారంలోనే మా వదిన నాగలక్ష్మమ్మ నేను అన్నం తినే సత్తు తట్ట అంచు మీద మేకుతో మూడు గాట్లు పెట్టింది, మిగతావాటిలో కలవకుండా. తట్ట తర్వాత చెంబు, చెంబు తర్వాత చాప, చివరికి నేను నడిచే వాకిలి కూడా వేరైంది. ఇంటికి పట్టు ఇచ్చే సావుకారు శ్రీరంగప్ప "ఆ రోగం ఉండే ఇంట్లో నా పట్టు ఉండకూడదు" అన్నాడు. తమ్ముడా, మగ్గమా అన్నమాట. మా అన్న ఈశ్వరప్ప తల వంచుకుని మగ్గం అన్నాడు. ఆంజినమ్మ ఆ మూడు గాట్ల తట్టను సంచిలో వేసుకుని, నన్ను బస్సెక్కించి తన పుట్టినూరు ఎర్రగుంటపల్లెకు తీసుకుపోయింది.

ఆ ఊళ్ళో గొర్రెలు కాచుకునే ముసలామె తిరుపాలమ్మ. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఇదే జబ్బుతో, రెండు నెలలు మాత్రలు మింగి, ఒళ్ళు కాస్త తేలికపడగానే మానేసి, పోయాడు. ఊరి బయట ఆస్పత్రి పెట్టిన సంస్థ డాక్టరమ్మ "మధ్యలో మానకుండా చూసే మనిషి ఒకరు కావాలి" అంటే, నా మాత్రల డబ్బా తన దగ్గర పెట్టుకుంటానని తిరుపాలమ్మ ముందుకొచ్చింది. ఏడాది పాటు రోజూ పొద్దున వచ్చి, తన ఎదుట మింగించి పోవాలి. దానికి 'తోడు' అని పేరు పెట్టారు.

మొదటి రోజు ఆమె గడపలో నిలబడి "దప్పికైతాంది, నీళ్ళియ్యండి" అంది. ఆంజినమ్మ లేవబోతే "నిన్ను గాదమ్మే, వాన్ని ఇయ్యమను" అంది.

నేనిచ్చాను. ఎనిమిది నెలలుగా నా చేతి నుంచి ఎవరూ ఏదీ తీసుకోలేదు. మా వైపు పరాయి ఇంట్లో నీళ్ళు తాగితే చెంబు పైకెత్తి నోట్లో పోసుకుంటారు. ఆమె ఎత్తలేదు. చెంబుకు మూతి పెట్టి, గుటగుటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. అప్పుడు డబ్బా మూత తీసింది.

"నీ చేతి నీళ్ళు నేను తాగినా. నా చేతి మాత్ర నువ్వు మింగాల. మింగకపోతే తాగిన నీళ్ళు నాతో కక్కించు" అంది.

మింగాను. ఏడాదంతా మింగాను. బాగైన తర్వాత నేను యేసన్నకు తోడు వెళ్ళాను. యేసన్న మాలగేరిలో ఉంటాడు. నేను నేతవాణ్ణి. వాళ్ళ ఇంట్లో మొదటి చెంబు తాగినప్పుడు నా గొంతు దిగలేదని ఇప్పుడు ఒప్పుకుంటే తప్పేమీ లేదు. రెండో రోజు దిగింది. తర్వాత యేసన్న ఇంకొకరికి తోడు వెళ్ళాడు. ఏడేళ్ళలో ఎర్రగుంటపల్లెలో పదకొండు మంది. ఒక్కరూ మధ్యలో మానలేదు, ఒక్కరూ పోలేదు. పట్నం నుంచి పెద్ద డాక్టర్లు వచ్చి కళ్ళె పరీక్షల కాగితాలు తిరగేసి, తలలూపి వెళ్ళారు.

*

ఎనభై నాలుగు శివరాత్రి వెళ్ళాక, ఈ పద్ధతిని ఇంకో ఎనిమిది ఊళ్ళలో పెట్టాలని సంస్థ తీర్మానించింది. దానికి సూపర్‌వైజరుగా వెంకటేశులు అనే అబ్బాయి వచ్చాడు. రాప్తాడు మనిషి, బి.ఏ. చదివాడు. చెడ్డవాడు కాదు. రోజుకు ముప్పై మైళ్ళు సైకిలు తొక్కేవాడు. వాడి జబ్బల్లా ఒకటే, ఏ పనైనా కాగితం మీదికి ఎక్కితే తప్ప వాడికి పని అనిపించదు.

పదహారు మంది కొత్త తోడులను ఎన్నుకుని ఎర్రగుంటపల్లె బడిలో కూర్చోబెట్టాడు. అందరికీ సైకిలు, భుజానికి తగిలించుకునే సంచి, నీళ్ళు పోసుకోవడానికి నీలం రంగు ప్లాస్టిక్ సీసా ఇచ్చాడు. అచ్చు కొట్టించిన నియమాల కాగితం పంచాడు. మొత్తం పది. తిరుపాలమ్మకు చదువు రాదు కాబట్టి నేను కూడబలుక్కుంటూ ఆమె చెవిలో చదివాను. నాలుగో దాని దగ్గర ఆమె నా మోచేయి పట్టుకుంది.

"మల్లా చదువు."

"రోగి ఇంట ఆహారము గాని, నీరు గాని స్వీకరించరాదు."

"సీకరించేదంటే?"

"తీసుకునేది."

ఆమె లేచి నిలబడింది. "సారూ, ఈ నాలుగోది కొట్టేయి."

వెంకటేశులు నవ్వుతూనే చెప్పాడు. "అవ్వా, ఇది మూడో కరువు. బోరింగు కాడ బిందె నీళ్ళ కోసం ఆడోళ్ళు జుట్లు పట్టుకుంటాండారు. జబ్బు మనిషి ఇంట్లో ఉండే నాలుగు చెంబుల్లో ఒకటి మనం తాగేది న్యాయమా? అందుకే సీసాలిచ్చినాం."

"న్యాయం సంగతి నాకు తెల్దు. ఊరికే ఇస్తే ఎవురూ మింగరు సారూ. వాళ్ళ చేతి నుంచి ఏమన్నా పుచ్చుకోవాల."

"రాసుకుంటానవ్వా" అని నోటుబుక్కులో రాసుకున్నాడు. నియమం మాత్రం అట్లాగే ఉంది.

నన్ను ఎనిమిది ఊళ్ళకూ మాత్రల డబ్బాలు చేర్చే పనిలో పెట్టారు. ఊళ్ళ జాబితాలో ఆఖరిది మల్లేనిపల్లె. "ఏడు ఊళ్ళకే పోతా. ఎనిమిదోదానికి ఇంకెవర్నన్నా చూసుకోండి" అన్నాను. ఎందుకని వెంకటేశులు అడిగాడు. చెప్పలేదు.

*

మొదటి నెల తిరిగేసరికి డబ్బాలు నిండుగానే వెనక్కి రావడం మొదలైంది. నలభై ఆరు మంది పేర్లు రాసుకుంటే ఉగాదికి ముప్పై మంది, ఇంకో నెలకు పద్నాలుగు మంది. వెంకటేశులు ఊరూరా తిరిగి గోడల మీద ఎర్ర అక్షరాలతో రాయించాడు. మాత్రలు మానితే చస్తారు అని దాని సారాంశం. పద్నాలుగు పదకొండయింది.

ఒకరోజు డబ్బాలు దింపడానికి పోయి, ఆ ఊరి తోడు వెనకాలే ఒక ఇంటికి వెళ్ళాను. మంచి పిల్లవాడు, మాట మెత్తన. సైకిలు గుమ్మం ముందు ఆపి, హ్యాండిలుకు వేలాడే సీసా తీసి రెండు గుక్కలు తాగి, "అక్కా, మాత్రలు" అని పిలిచాడు. రోగి భార్య చెన్నమ్మ తలుపు సందులోంచే "ఇంట్లో లేడు" అంది. లోపల దగ్గు వినిపిస్తూనే ఉంది.

పిల్లవాడు వెళ్ళిపోయాక నేను గోడ నీడలో కూలబడ్డాను. "ఏమ్మా, లోపలున్నాడు గదా" అన్నాను.

"ఉండాడు. అయితే?" ఆమె తలుపు తెరిచింది. "మా ఇంటికొచ్చేటోడు నీళ్ళు గూడా వెంట తెచ్చుకుంటాండాడే, ఈ ఇంట్లో ఏముండాదని ఊరు అనుకుంటాది? మూడేండ్ల నుంచి దగ్గుతాంటే ఎవురికీ తెలీలేదు. ఆ సీసా చూసినాక అందరికీ తెలిసింది. మా పాపను బోరింగు కాడ ఎడంగా నిలబెడతాండారు. పో అన్నా, నువ్వూ పో."

పోతూ పోతూ అడిగాను. "దప్పికైతాంది. నీళ్ళిస్తావా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. లోపలికి పోయి తెచ్చింది. మూతి పెట్టి తాగి, "నాకూ ఇదే జబ్బుండె" అన్నాను. కాసేపటికి లోపలి నుంచి ఆమె మొగుడు వచ్చి గడప మీద కూర్చున్నాడు. డబ్బా నా సంచిలోనే ఉంది, తీసి మాత్రలిస్తే మింగాడు.

సాయంత్రం ఈ సంగతి వెంకటేశులుకు చెబుదామని ఆస్పత్రికి వెళ్ళాను. అతను దిగాలుగా మానేసిన వాళ్ళ జాబితా రాసుకుంటున్నాడు. నన్ను చూసి కాగితం ఇటు తిప్పాడు. "ఈ మల్లేనిపల్లె మీ ఊరంట గదన్నా? ఈయన నీకు తెలుసా? పదైదు దినాలు మింగి మానేసినాడు. కళ్ళె పరీక్షలో మూడు ప్లస్సులుండాయి. ఇట్లే వదిలేస్తే దీపావళి చూడడు."

ఈశ్వరప్ప, వయసు యాభై ఒకటి, నేత.

అబద్ధమెందుకు, నాకు సంతోషం వేసింది. ఎనిమిదేళ్ళుగా కడుపులో పెట్టుకున్నది ఒక్కసారిగా చల్లబడినట్టయింది. చెన్నమ్మ ఇంటి సంగతి చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను.

అటక మీద నుంచి మూడు గాట్ల తట్ట దింపి దుమ్ము దులుపుతుంటే ఆంజినమ్మ చూసింది.

"యాడికి?"

"మా ఊరికి. పొద్దున పోతా. దీన్ని మా వదిన ముందర పెట్టి, ఇదో నీ మొగునికి దీంట్లో పెట్టు అని చెప్పొస్తా."

 పొద్దున నేను బయల్దేరుతుంటే ఆంజినమ్మ మాత్రల డబ్బా తెచ్చి సంచిలో తట్ట మీద పెట్టింది.

"ఇదెందుకు?"

"ఉండనీ. తట్ట ఒక్కటే అయితే గలగలమంటాది" అంది.

*

ఎర్రటి ఎండలో ఐదు మైళ్ళు నడిచాను. మా వీధి మలుపు తిరగగానే మగ్గం చప్పుడు వినిపించింది. మా అన్న నేసే చప్పుడు నాకు తెలుసు. ఆ రోజు అది కుంటుతూ ఉంది. నాలుగు దెబ్బలు పడి, ఆగి, మళ్ళీ రెండు. ఆగినప్పుడల్లా దగ్గు. దగ్గు బయటికి వినిపించకుండా వెంటనే ఉత్త మగ్గం మీద రెండు దెబ్బలు.

వదిన గడప దగ్గర నిలబడి ఉంది. జుట్టు సగం తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి కూడా "ఎవురూ" అంది.

"నేనే వదినా. నారాయణప్పను."

"ఈ ఇంట్లో ఎవురికీ ఏమీ లేదు" అంది గబగబా. ఆ నీలం సీసా వాడు రోజూ వినే మాట అదే అనుకుంటాను.

నేను గుమ్మం దాటి లోపలికి పోయాను. అన్న మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు. ఛాతీ ఎముకలు లెక్కపెట్టవచ్చు. మగ్గం మీద ఎర్ర చీర సగం నేసి ఉంది. ఒడిలో ఒక గుడ్డ ఉంది. ఆ గుడ్డ కూడా ఎర్రగానే ఉంది. నన్ను చూసి దాన్ని తొడ కింద దాచాడు. తర్వాత చేతిలో పేక పోగు నడిపే నాడె తిప్పుతూ, ఇంకెక్కడా చూడలేక పడుగు వైపు చూస్తూ ఉండిపోయాడు.

దారి పొడుగునా వల్లె వేసుకున్న మాటలు ఉన్నాయి. చెయ్యి సంచిలోకి పోయింది. తట్ట అంచు వేళ్ళకు తగిలింది, గాట్లతో సహా.

"దప్పికైతాంది వదినా. నీళ్ళియ్యి" అన్నాను.

ఆమె కదల్లేదు. మూల కుండ మీద మూకుడు ఉంది, పక్కన చెంబు.

"నిన్ను గాదు. అన్నను ఇయ్యమను."

అన్న గుంతలోంచి లేవడానికి రెండు సార్లు ప్రయత్నించాడు. నేను సాయం పట్టలేదు. లేచాడు. కుండ అడుగంటి ఉన్నట్టుంది, చెంబు నింపడానికి వంచి పట్టుకోవాల్సి వచ్చింది. తెచ్చి ఇచ్చేటప్పుడు సగం నీళ్ళు అతని చేతి మీదే పడ్డాయి.

నేను మూతి పెట్టాను.

"రేయ్, ఎత్తి తాగరా. నేను తాగే చెంబది" అన్నాడు అన్న.

"తెలుసు" అన్నాను.

ఉప్పు నీళ్ళు. మా ఊరి నీళ్ళు ఎప్పుడూ అంతే. చెంబు ఖాళీ చేసి కింద పెట్టాను. లోపల పొయ్యి దగ్గర వదిన మాకు వీపు చేసి, ఎంతసేపటి నుంచో ఆరిపోయిన పొయ్యిని ఊదుతూ ఉంది.

అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి చాచాడు. "యాడ, ఇయ్యి ఆ మాత్రలు" అన్నాడు.

సంచి అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాను. మరునాడు పోయేసరికి మూడు గాట్ల తట్ట వాకిట్లో ఉంది. అందులో నీళ్ళు, చుట్టూ కోళ్ళు. లోపల రెండు తట్టల్లో సంగటి ముద్దలు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. 

*

చెన్నమ్మ ఇంటి సంగతీ మా అన్న సంగతీ కలిపి చెబితే వెంకటేశులు మండిపడ్డాడు. "నియమం మీరినావు. ఏమన్నా అయితే జవాబు చెప్పేది నేను."

"ఏమైతాది?" అంది అక్కడే ఉన్న డాక్టరమ్మ. "టీబీ దగ్గులోంచి గాలిలో పోతుంది వెంకటేశులూ. చెంబులోంచి కాదు. ఏడేళ్ళుగా తాగుతున్న వాళ్ళంతా నీ ఎదురుగానే ఉన్నారు. నీ పదకొండు మంది ఎక్కడ, వీళ్ళ పదకొండు మంది ఎక్కడ, నువ్వే చూడు."

"మరి నియమాలు తయారైనప్పుడు చెప్పలేదు మేడం."

"నేను చదవలేదు" అంది ఆమె. ఆ ఒక్క మాటకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

తిరుపాలమ్మ ఊరుకుంటుందా? పదహారు మంది తోడులనూ వెంకటేశులునూ వెంటపెట్టుకుని యేసన్న ఇంటికి బయల్దేరింది. యేసన్న వాకిలి ఊడ్చి, చెంబు తోమి పెట్టుకుని నిలబడ్డాడు. మాలగేరి మలుపులోనే కొందరి నడక నెమ్మదించింది.

"ఏమప్పా, కాళ్ళు నొప్పులా?" అంది తిరుపాలమ్మ. "ఈ గడపలో తాగలేనోడు ఏ గడపలోనూ తోడు గాలేడు. ఇష్టం లేనోళ్ళు సైకిలు గోడకానించి పోండి. ఎవురూ ఏమీ అనరు."

ఐదుగురు సైకిళ్ళు ఆనించి వెళ్ళిపోయారు.

వెంకటేశులు ముందుకొచ్చాడు. నీళ్ళలోకి దిగబోయే వాడిలా చేతి గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. యేసన్న చేతి నుంచి చెంబు తీసుకుని, కళ్ళు మూసుకుని, మూతి పెట్టాడు.

"కండ్లు తెరిచే తాగచ్చు సార్. అవి గూడా నీళ్ళే" అన్నాడు యేసన్న.

అందరికంటే గట్టిగా నవ్వింది వెంకటేశులే. అక్కడే యేసన్న అరుగు మీద కూర్చుని, కాగితాలన్నీ తెప్పించి, ఒక్కొక్క దాని మీదా నాలుగో నియమాన్ని పెన్నుతో కొట్టేశాడు. కొట్టేసిన దాని కింద ఏమి రాయాలని తిరుపాలమ్మను అడిగాడు. "రాసేదేముండాది, దప్పికైతాందని అడగమను" అంది. అదే రాశాడు. గోడకానించిన ఐదు సైకిళ్ళూ ఎర్రగుంటపల్లెలో జబ్బు నయమైన వాళ్ళే ఎక్కారు. ఒకటి యేసన్నది.

నీలం సీసాలను ఆంజినమ్మ అడిగి తెచ్చుకుని నూనె పోసుకుంది.

*

ఆషాఢం నాటికి నలభై ఆరులో మాత్రలు మింగేవాళ్ళు మళ్ళీ నలభై మంది అయ్యారు. చెన్నమ్మ మొగుడు వచ్చాడు. కానీ మా అన్న ఇంట్లో వేరే సంగతి జరిగింది. రోజూ తమ్ముడు వచ్చి నీళ్ళు తాగిపోతున్నాడంటే ఎందుకో ఊరికి అర్థమైంది. సావుకారు శ్రీరంగప్ప మనుషులు వచ్చి, నేసినంత వరకు చీర కోసుకుని, మిగిలిన పడుగు చుట్టుకుని పోయారు. ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన మాట సావుకారు ఎనిమిదేళ్ళ కిందటే అనేశాడు కదా.

మరునాడు నేను వెళ్ళేసరికి అన్న ఖాళీ మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. దగ్గు బాగా తగ్గింది, మొహంలో నెత్తురు తిరిగింది.

"నువ్వింక రావద్దు నారాయణా" అన్నాడు. "ఇప్పుడు బాగుండా. మాత్రలు మానేస్తే, జబ్బు లేదని చెప్పి పడుగు అడుక్కుంటా. మగ్గం లేకుంటే నేనేం మనిషిని?"

ఇప్పుడు బాగుండా అని తిరుపాలమ్మ కొడుకు కూడా ఇట్లాగే మానేశాడు.  ఆ రోజు మగ్గం కావాలన్నవాడు ఈ రోజూ మగ్గం కావాలంటున్నాడు. నేను ఎప్పుడూ ఆ తూకంలో తేలిపోయేవాణ్ణే.

వదిన పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. విత్తనానికి శెనక్కాయలు వలిచే కూలికి పోతోంది అప్పటికే, వేళ్ళు పగిలి ఉన్నాయి. చెంబు ముంచి మొగుడి చేతిలో పెట్టింది.

"ఒకసారి మగ్గం అంటిమి. ఇంగోసారి ఆ మాట ఈ ఇంట్లో రానీయను. ఇయ్యి, నీ తమ్మునికి నీళ్ళియ్యి" అంది.

అన్న ఇచ్చాడు. నేను తాగాను. అతను మింగాడు.

పద్దెనిమిది రోజులు మగ్గం ఖాళీగా ఉంది. చప్పుడు లేని ఆ ఇంట్లో మేమిద్దరం కూర్చుని చిన్ననాటి సంగతులు మాట్లాడుకునేవాళ్ళం. ఈ జన్మకు అంత మాట్లాడుకుంటామని నేననుకోలేదు.

పంతొమ్మిదో రోజు సావుకారు బండి తోలే మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. "నారాయణప్పా, మా సావుకారు రమ్మంటాండాడు. చిన్న కోడలికి నెల దినాల నుంచి దగ్గు. నువ్వు పెరటి దావన వస్తే ఎవురికీ తెలీదు."

నేను అన్న వైపు చూశాను. అన్న కింద పెదవి కొరుక్కుంటున్నాడు, నవ్వు రాకుండా.

"పెరటి దావ నాకు తెల్దు" అన్నాను. "పొద్దు బాగా ఎక్కినాక, వీధి అరుగు కాడికి వస్తా. ఆ పాపను చెంబు తీసుకోని బయటికి రమ్మను."

కుదరదన్నాడు. సరే అని పంపించాను. సాయంత్రం మళ్ళీ వచ్చాడు. సావుకారు సరేనన్నాడట.

మరునాడు పదిగంటల వేళ శ్రీరంగప్ప ఇంటి ముందు నిలబడ్డాను. అటూ ఇటూ మగ్గాలన్నీ ఆగిపోయాయి, వీధి అంతా చెవులే. శ్రీరంగప్ప అరుగు మీద నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. ఇరవై ఏళ్ళు లేని పిల్ల తలుపు చాటు నుంచి వచ్చింది. ఇత్తడి చెంబు రెండు చేతులా పట్టుకుంది. నా మొదటి రోజు నాకు గుర్తొచ్చింది. సావుకారును దెప్పుదామనుకున్న మాటలన్నీ ఆ పిల్ల వేళ్ళు చూసి ఎటో పోయాయి.

"దప్పికైతాంది పాపా" అన్నాను.

మూతి పెట్టి తాగాను, అడుగు వరకూ. వాళ్ళవి తీపి బావి నీళ్ళు.

"ఇంగ భయం లేదు. ఏడాదిలో బాగైతావు. నాకు బాగు కాలే?" అన్నాను. పిల్ల మొదటిసారి తలెత్తి చూసింది. రేపు పరీక్షకు తీసుకుపోతానని చెప్పాను.

దిగుతుంటే శ్రీరంగప్ప వెనకే వచ్చాడు. "నారాయణప్పా, మీ అన్నతో చెప్పు... పడుగు పంపిస్తానని..."

"మీరే వచ్చి చెప్పండి సావుకారూ. ఆ ఇంట్లో గూడా నీళ్ళుండాయి" అన్నాను.

వచ్చాడు. రెండు రోజులు ఆగి, పట్టు మూటతో తనే వచ్చాడు. వదిన చెంబు నింపింది, అన్న ఇచ్చాడు. శ్రీరంగప్ప చెంబు చాలా పైకెత్తి నోట్లో పోసుకున్నాడు. సగం నీళ్ళు పట్టు పంచె మీద పడ్డాయి. మూతి పెట్టలేదు. వదిలేశాను. ఆ వయసులో ఆ మాత్రం చాలు.

ఆ సాయంత్రమే అన్న పడుగు ఎక్కించుకున్నాడు. తెల్లారి నేను వీధి మలుపు తిరిగేసరికి మగ్గం చప్పుడు నాలుగు, నాలుగు, నాలుగు, ఆగకుండా వినిపించింది. వాకిట్లో గాట్ల తట్ట మీద కోడిపెట్ట ఎక్కి తూలుతూ ఉంది.

*

ఏడాది ముగిసేసరికి నలభై ఆరులో నలభై మూడు మంది పూర్తి చేశారు. ఇద్దరు మాకు అందకుండానే పోయారు, ఒకడు కణేకల్ వైపు పనికి వెళ్ళి మళ్ళీ కనబడలేదు. సావుకారు కోడలు ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. సోమందేపల్లె వైపు ఊళ్ళకు తోడుగా పోతుంది, తన సొంత సైకిలు మీద. తిరుపాలమ్మ కిందటేడు పోయింది. ఎనిమిది ఊళ్ళ జనం వచ్చారు.

ఇప్పుడు ఈ పనిని మా వైపు ఎవరూ పథకమనరు, తోడు అని కూడా అనరు. పొద్దున సైకిలు తీస్తుంటే ఎటు అని అడిగితే "నీళ్ళు తాగొస్తా" అంటారు. అడిగినవాళ్ళకు అర్థమవుతుంది.

మా అన్న కోర్సు ముగిసి నాలుగేళ్ళయింది. అతనికి మాత్రలు అక్కరలేదు, నాకు పని లేదు. అయినా వారానికి రెండు సార్లు ఐదు మైళ్ళు నడిచిపోతాను. గడపలో అడుగు పెట్టేసరికి మగ్గం ఆగుతుంది. నేనింకా ఏమీ అడగకముందే అన్న గుంతలోంచి లేస్తాడు.